అమ్మతో పాతబస్తీలో ఒక శనివారం

గురువారం రాత్రి కాకినాడలో రైలెక్కాలి. శుక్రవారం పొద్దున్న హైదరాబాద్‌లో దిగి, స్నానాలు చేసి, నేరుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాలి. మొదట నేను వేసిన ప్లాన్ ఇది. టికెట్లు తీసేశాక, కూకట్‌పల్లిలో ఉండే పిన్నికి ఫోన్ చేస్తే "శుక్రవారం అక్కడ అన్నీ మూసేస్తారే" అంది. నా గుండెల్లో రాయి పడింది. చూస్తే నిజమే. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడింటికీ సెలవు శుక్రవారమే. వేరే ఊళ్ళలో మ్యూజియాలకు సోమవారం సెలవు ఉండడం చూసి, ఇక్కడా అంతే అనుకున్నాను.

తిరుగు రైలు ఆదివారం రాత్రికి ఉంది కాబట్టి సరిపోయింది. శుక్రవారం పిన్ని ఇంట్లో విశ్రాంతి, శనివారం పాతబస్తీ అని మార్చాను. ఆదివారం అమ్మ చుట్టాల ఇళ్ళకు వెళ్ళాలని ముందే చెప్పింది.

అసలు కష్టం ఏం చూడాలన్నది కాదు, ఏం వదలాలన్నది. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పే. మా అబ్బాయికి పదేళ్ళు, ఒక్కచోట నిలబడడు. నా మొదటి లిస్టులో గోల్కొండ కూడా ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లో ఈజిప్టు మమ్మీ ఉన్న స్టేట్ మ్యూజియం కూడా ఉంది. గోల్కొండ మెట్లు అమ్మ వల్ల కాదు, కొట్టేశాను. ఫలక్‌నుమా ప్యాలెస్ ఇప్పుడు హోటల్, మా ఖర్చుకు అందేది కాదు, అదీ కొట్టేశాను. మమ్మీని వదలడానికి మావాడు ఒప్పుకోలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ముందు అదే చూద్దామని మాటిస్తే గానీ ఊరుకోలేదు.

పురానీ హవేలీని మాత్రం తీసేయలేదు, అమ్మ కోసం. అమ్మ ముప్పై ఏళ్ళు ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టి నన్నూ తమ్ముణ్ణీ చదివించింది. నిజాం బట్టల బీరువా గురించి ఎప్పుడో టీవీలో చూసి, "ఎన్ని బట్టలుంటే అంత బీరువా కావాలి!" అని చాలాసార్లు అంది. హైదరాబాద్ వెళ్ళి అది చూపించకుండా తిరిగి రావడం నాకు ఇష్టం లేదు.

రోజంతా పన్నెండు గంటల చుట్టూ అల్లాను. సాలార్‌జంగ్‌లో ఒక పాత గడియారం ఉంది. ప్రతి గంటకూ తలుపు తెరుచుకుని చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొడుతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు. కాబట్టి పదింటికి మ్యూజియం తెరిచేసరికి అక్కడుండాలి, పన్నెండు దాకా చూసి, గంటలు విని బయటపడాలి.

కూకట్‌పల్లి నుంచి మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దాకా వచ్చేశాం. అక్కడ ఆటో మాట్లాడుకుంటే మూసీ దాటగానే మ్యూజియం. సంచీలు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, కౌంటర్లో ఇచ్చేయాలి. అమ్మ మందులూ కళ్ళజోడూ ముందే చేతిలోకి తీసుకున్నాం. చక్రాల కుర్చీ అడిగితే ఇచ్చారు. అమ్మ మొదట సిగ్గుపడింది. "అమ్మమ్మా, నేను తోస్తాను" అని వాడు అన్నాక కూర్చుంది. ఆ కుర్చీ లేకపోతే మా ప్లాన్ పదకొండింటికే ఆగిపోయేది.

ముందు రెబెకా విగ్రహం దగ్గరికి వెళ్ళాం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. నిజాం దగ్గర దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. పాలరాతి ముఖం మీద పాలరాతి మేలిముసుగు. ముసుగులోంచి కళ్ళు, ముక్కు, పెదవులు కనిపిస్తున్నాయి. అమ్మ చాలాసేపు చూసి, "మల్లు గుడ్డ తడిపి కప్పినట్టుంది" అంది. గుడ్డతో బతికిన మనిషి మాట అది. నేను పుస్తకాల్లో చదివినవేవీ దానికి సాటి రావు. మావాడికి ఒకవైపు మగమనిషి, వెనకవైపు ఆడపిల్ల ఉన్న చెక్క విగ్రహం నచ్చింది. వెనక అద్దం పెట్టారు, ముందు నిలబడితే రెండూ కనిపిస్తాయి. వాడు అటూ ఇటూ ఆరుసార్లు తిరిగాడు.

పదకొండున్నరకే గడియారం ముందు చోటు చూసుకున్నాం. శనివారం కదా, బడిపిల్లలు, కుటుంబాలు, పన్నెండు కావస్తుంటే అక్కడంతా నిండిపోయింది. ఒక బొమ్మ సుత్తితో సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంట కొట్టే బొమ్మ బయటికి రాగానే అంతమందీ ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. మావాడు పైకే లెక్కపెట్టాడు, వాడితో పాటు ఇంకా నలుగురు పిల్లలు.

భోజనం విషయంలో పొరపాటు నాదే. శనివారం అమ్మ నీచు ముట్టదు. "భోజనం, ఒంటిగంట" అని కాగితం మీద రాసుకున్నానే గానీ, ఎక్కడ అన్నది చూసుకోలేదు. దారిలో కనిపించినవన్నీ బిర్యానీ హోటళ్ళే. ఒక ఆటో అతను చిన్న టిఫిన్ సెంటర్ దగ్గర దింపాడు. అమ్మ ఇడ్లీతో సరిపెట్టుకుంది. ముప్పావు గంట పోయింది.

పురానీ హవేలీలో జనం తక్కువ. ఏడో నిజాం రజతోత్సవాలకు 1937లో వచ్చిన కానుకలు అక్కడున్నాయి. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు చూసి మావాడు నోరు తెరిచాడు. ఆ తర్వాత బీరువా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. పొడవు 176 అడుగులు, రెండంతస్తులు, పైకి వెళ్ళడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు. వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెబుతారు. అమ్మ అక్కడ కుర్చీ వద్దంది. నా చెయ్యి పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, నొప్పికి కాదు. "ఇవన్నీ కుట్టినవాళ్ళ పేర్లు ఎక్కడైనా రాశారా?" అని అడిగింది. నాకు కనిపించలేదమ్మా అన్నాను. మూడు దాటుతోందని తెలిసినా తొందరపెట్టలేదు.

అందుకే చౌమహల్లాకు గంటన్నర కూడా మిగల్లేదు. చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు కాబట్టి, ఖిల్వత్ వైపు గేటు దాకా తీసుకెళ్ళమని ఆటో అతనికి ముందే చెప్పాం. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతున్నాయి. వాటి కింద పాలరాతి గద్దె. పాత కార్ల దగ్గర మావాడు, నీళ్ళ కుండీ గట్టు మీద అమ్మ. నాలుగు మహళ్ళలో రెండింటినే చూశాం. ముందైతే నాకు టెన్షన్ వచ్చేది. ఆ సాయంత్రం ఎండ మెత్తగా ఉంది, అమ్మ ముఖంలో అలసట ఉన్నా తృప్తి కనిపించింది, నేనూ ఆ గట్టు మీదే కూర్చున్నాను.

తిరుగు మెట్రోలో మావాడు నా ప్లాన్ కాగితం అడిగి తీసుకుని వెనకవైపు రాశాడు: మమ్మీ, సాలార్‌జంగ్‌లో మేం చూడని చైనా జపాన్ గదులు, మిగిలిన రెండు మహళ్ళు. నేను కింద "శుక్రవారం కాదు" అని రాశాను. అమ్మ చదివి, "శనివారం కూడా వద్దులే, వీడు బిర్యానీ తినాలి" అంది.