బిడ్డ ఆల్టో, తల్లి ఉయ్యాలో

"సద్దుల బతుకమ్మ నాడే క్వయర్ రిహార్సల్ ఉంది, నేను రాను" అన్నది నా పదమూడేండ్ల బిడ్డ. ఒక్కరోజు మానితే కొంపలేం మునగవు కదనే అన్న. "అమ్మా, ఆల్టోలో మేం నలుగురమే. నేను లేకపోతే తెలిసిపోతది. బతుకమ్మకాడ నేను లేకున్నా పాట ఆగదు గదా."

నా నోరు మూతపడ్డది.

పిల్లల్ని కొత్తగా క్వయర్‌లో, అంటే వేర్వేరు గొంతులు కలిపి పాడే బృందంల, చేర్చే మనోళ్లకు ముందు పనికొచ్చే ముచ్చట్లు చెప్త. అన్నిటికన్నా పైన సొప్రానో, దాని కింద ఆల్టో, ఆ కింద టెనర్, అడుగున బాస్ అని నాలుగు గొంతులు. మనకు గుర్తుండే వరస ఎక్కువగా సొప్రానోలదే. ఆల్టో పిల్ల రెండు మూడు స్వరాల చుట్టే తిరుగుతుంటది, విడిగా వింటే పాటలెక్కనే ఉండదు. ఇంట్ల సాధన చేస్తుంటే "ఇదేం పాటనే" అనకుండ్రి. (నేనన్న.) పక్కన సొప్రానోలు గట్టిగ ఎత్తుకుంటే ఆల్టో తెలియకుండనే అటు కొట్టుకపోతది. ముందు పియానో మీద తన వరస ఒక్కటే విని పాడాలె, తర్వాత నాలుగు గొంతుల రికార్డింగ్ పెట్టుకొని దాని మీద తన వరస నిలబెట్టాలె.

పుస్తకంల పెన్సిల్ తప్పనిసరి. పొడుగు వాక్యం మధ్యల అందరూ ఒక్కసారే ఊపిరి తీస్తే పాటకు గుంత పడతది. పక్కపిల్ల తీయనప్పుడు తను తీసి, చప్పుడు గాకుండ మళ్ల కలవాలె. ఎవరెక్కడ తీయాల్నో గుర్తు పెట్టుకునేది ఆ పెన్సిల్‌తోనే. మాట చివరి 'స్' తలా ఓ క్షణాన అంటే పాము బుసకొట్టినట్టుంటది.

కర్ణాటక సంగీతం నేర్చే పిల్లలకు ఇంకో తిప్పలు, గమకం. అక్కడ శభాష్ అనిపించుకున్న జారుడే ఇక్కడ తప్పు. నాలుగు స్వరాలు ఒకదానిలో ఒకటి కూసోవాలంటే ఎవరి స్వరం వాళ్లు కదలకుండ పట్టాలె. కచేరీల మోకాళ్లు బిగబట్టి నిలబడితే కండ్లు తిరుగుతయ్, కొంచెం వదులుగ ఉంచమని చెప్పుండ్రి.

ఈసారి నవంబర్‌ల ఫ్రెంచి సంగీతకారుడు ఫోరే రాసిన రిక్వియమ్. చచ్చినోళ్ల ప్రార్థన పండుగల పూట ఎందుకని గునిసిన. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేది మనమే అని తర్వాత యాదికొచ్చింది. డిసెంబర్‌ల హాండెల్ అనే సంగీతకారుడు ఏసు మీద కట్టిన పెద్ద పాటల కూర్పు, మెస్సయ్య. 1741లో 24 రోజుల్లో రాసిండు. 1742 ఏప్రిల్‌ల డబ్లిన్‌ల మొదటిసారి పాడింది ఈస్టర్ ముందు, ఇప్పుడేమో క్రిస్మస్‌దైంది. చానామంది మొదటి భాగం పాడి, రెండో భాగం చివర ఉండే హల్లెలూయా తెచ్చి కలుపుతరు. అది మొదలైతే జనం లేచి నిలబడతరు, మీరూ లేవుండ్రి. నేను మొదటిసారి కచేరీ అయిపోయిందనుకొని బ్యాగు సర్దిన.

"చర్చిల పాడితే పిల్ల మారిపోదా?" అని హనుమకొండ నుంచి అమ్మ అడుగుతది. మన డోర్నకల్ పెద్ద చర్చికి గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు లేవా అని పెద్ద మనిషి లెక్క సమాధానం చెప్త. కచేరీకి బయలుదేరేటప్పుడు బొట్టు పెట్టుకొమ్మని బిడ్డ వెంబడి పడేది కూడ నేనే.

అసలు గుచ్చుకున్నది పాట ఆగదన్న మాట. పద్మాక్షి గుట్టకాడ మా అమ్మ వయసోళ్లల్ల ఒకామె కథంతా ఎత్తుకుంటే మిగతావాళ్లు చప్పట్లతోని అందుకునేది. మన ఊరికి దూరంగ మేముండే ఇక్కడ గునుగు లేదు, తంగేడు లేదు. బంతి, చామంతితోనే సరిపెడుతున్నం, అది సరే. ఎత్తుకునే మనిషే లేదు. పాట బ్లూటూత్ స్పీకర్‌ల నుంచి వస్తది, నాకొచ్చింది "ఉయ్యాలో" ఒక్కటే. నేను లేకున్నా ఆ పాట ఆగదు.

మొన్న అమ్మకు ఫోన్ చేసి ఒక పాట రాసుకున్న. ఊపిరి ఎక్కడ తీస్తవే అంటే, ఊపిరి తీసుడు కూడ చెప్పాల్నా అని నవ్వింది. నాలుగు చరణాలు దాటితే కథ ఎటు పోతుందో నాకు అంతుపట్టుత లేదు.

రిహార్సల్ ఎనిమిదికి ఐపోతది. అప్పటిదాకా బతుకమ్మలను కదపకుండ్రని మనోళ్లను అడగాల్నా, పిల్లను దాని మానాన వదిలెయ్యాల్నా, ఇంకా తేల్చుకోలే. స్పీకర్ మాత్రం ఛార్జింగ్ పెట్టిన.