పచ్చళ్ల షాపు వెబ్‌సైట్‌కి ఎంత చెప్పాలి?

"మా పచ్చళ్లకి ఒక వెబ్‌సైట్ కావాలండీ, ఎంతవుద్ది?" అని ఫోన్‌లో అడిగితే, సొంతంగా వెబ్‌సైట్లు చేసిపెట్టే మీరు అక్కడికక్కడే అంకె చెప్పకండి. నోరు జారిన అంకె ఆ తర్వాత తగ్గుతుందే గానీ పెరగదు. ఎన్ని రకాలు, ఎన్ని సైజులు, ఎక్కడెక్కడికి పంపుతారు అని అడిగి, కొటేషన్ రేపు పంపిస్తానని ఫోన్ పెట్టేయండి.

ముందు మీ గంట రేటు తేల్చుకోవాలి. ఇంటికి నెలకు 60 వేలు కావాలి. నెట్, కరెంటు, ల్యాప్‌టాప్ అరుగుదల, హెల్త్ ఇన్సూరెన్స్ కలిపి 15 వేలు అనుకుందాం. మొత్తం 75 వేలు. నెలకు 200 గంటలు కూర్చున్నా బిల్లు వేయగలిగేవి 100కి మించవు. మిగతావన్నీ ఫోన్లు, కొటేషన్లు, బాకీల వెంట తిరగడం. అంటే గంటకు 750. పని దొరకని రోజులకూ పన్నులకూ 20 శాతం కలిపితే 900. చాలామంది 75 వేలను 200తో భాగిస్తారు, దెబ్బ తినేది అక్కడే.

ఇక పని లెక్క. వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్ సైట్‌ని ఆన్‌లైన్ షాపుగా మార్చే ప్లగిన్) 40 రకాలు అనుకోండి. పావు, అర, కిలో అని ఒక్కోదానికి 3 సైజులు. ఆవకాయ లాంటి 12 రకాలకు వెల్లుల్లి వేసింది, వేయనిది అని మళ్లీ రెండేసి. 28 రకాలకు 84, ఈ 12 రకాలకు 72, వెరసి 156 ధరలు, 156 బరువులు. "నలభై ఐటమ్సే కదా బాబూ" అన్నప్పుడు మీకు కనిపించాల్సింది ఈ 156. అన్నీ ఒకే పట్టికగా రాసిన సీఎస్‌వీ ఫైల్‌తో ఎక్కించినా, ఫొటోలు కత్తిరించడంతో కలిపి 10 గంటలు. మాట్లాడుకుని పేజీలు ఖరారు చేయడానికి 6, థీమ్ మలచడానికి 16, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి 6, షిప్పింగ్‌కి 8, రకరకాల ఫోన్లలో టెస్టింగ్‌కి 8, అప్పగించి నేర్పడానికి 4. మొత్తం 58. అనుకోనివాటికి పాతిక శాతం కలిపితే 72 చిల్లర. 65 వేలు అడగొచ్చు.

గేట్‌వేకి 6 గంటలెందుకంటారా? ప్లగిన్ పెట్టడం అరగంట పనే. కానీ రేజర్‌పే లాంటి వాళ్లు అకౌంట్ ఓకే చేసే ముందు రీఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, టర్మ్స్, కాంటాక్ట్ పేజీలు చూస్తారు. సీసా పగిలి నూనె కారితే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో సీసా పంపుతారా అన్నది ఓనరుగారు అప్పటిదాకా ఆలోచించి ఉండరు. ఆ నిర్ణయం వచ్చేదాకా మీ పని ఆగుతుంది.

అనుకున్నదానికన్నా ఎక్కువ గంటలు మింగేది షిప్పింగే. కిలో పచ్చడి ప్యాకింగ్‌తో 1.25 కిలోలు తూగుతుంది. డబ్బా 20 సెంటీమీటర్ల ఘనం అనుకుంటే 20×20×20 ని 5000తో భాగించి కొరియర్ వాళ్లు సైజుని బట్టి 1.6 కిలోలంటారు, అర కిలో శ్లాబులో అది 2 కిలోలు. సైట్‌లో బరువు దగ్గర 1 అని వేసి వదిలేస్తే ప్రతి ఆర్డరుకీ తేడా షాపు నెత్తిన పడుతుంది, తిట్లు మీకు. పైగా వూకామర్స్‌లో బరువుని బట్టి ఛార్జీ వేసే సదుపాయం సొంతంగా లేదు, ప్లగిన్ కావాలి. దాని ఏటేటా లైసెన్సు ఎవరు కట్టాలో కొటేషన్‌లోనే రాయండి. ఓటీపీ లాగిన్ అడిగితే ఎస్సెమ్మెస్‌లు పంపే వ్యాపారాలు టెలికాం కంపెనీల దగ్గర చేయించుకోవాల్సిన డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ వాళ్ల పేరు మీదే, వాళ్ల ఖర్చుతోనే జరగాలని కూడా.

సైట్‌లో పెట్టే రాత, అంటే మ్యాటర్ సంగతి మరచిపోకండి. లేబుళ్లు చేసిన డీటీపీ ఆయన యూనికోడ్ కాని పాత అను ఫాంట్స్‌లో కొట్టిన పేజ్‌మేకర్ ఫైల్ ఇస్తాడు. కాపీ చేసి సైట్‌లో పెడితే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసినా వత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి, చదివి దిద్దాల్సిందే. అందుకే "మ్యాటర్ యూనికోడ్‌లో ఇవ్వాలి, లేదంటే పేజీకి అర గంట అదనం" అని ఒక్క లైను చాలు. డిజైన్ మార్పులు రెండు విడతలే, ఆపైన గంట రేటు.

బేరం తప్పదు. పక్క వీధి కుర్రాడు 15 వేలకే చేస్తానన్నాడంటారు. అలాంటప్పుడు రేటు కాదు, పని తగ్గించండి: "తగ్గిస్తానండీ, ఐటమ్స్ మీ పిల్లలతో ఎక్కించుకుంటే షీటు నేనిస్తాను, 11 వేలు తగ్గుతుంది." పది గంటలు, దాని మీది పాతిక శాతం పోతే దాదాపు అంతే. ఊరికే తగ్గిస్తే మొదట ఎక్కువ చెప్పారనే అనుకుంటారు.

డబ్బు 40, 30, 30గా పెట్టుకోండి: మొదలుపెట్టే ముందు 26 వేలు, డిజైన్ ఓకే అయ్యాక 19,500, మీ టెస్ట్ సర్వర్ మీద అంతా చూపించాక, డొమైన్ (సైట్ అడ్రసు) కొత్త సైట్‌కి తిప్పే ముందు, మిగతా 19,500. లైవ్ చేశాక చూద్దామంటే సంక్రాంతి దాకా చూస్తూనే ఉంటారు. మీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షల లోపుండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే, జీఎస్టీ వసూలు చేయకూడదు. రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం అదనమని ముందే రాయాలి. క్లయింట్ కంపెనీ అయితే సాధారణంగా టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్‌లో అది మీ లెక్కకే వస్తుంది. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకుని నంబరు ఇన్‌వాయిస్ మీద వేయండి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఎమ్మెస్సెమ్ఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా మీకు డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు.

డొమైన్, హోస్టింగ్ వాళ్ల పేరుతో, వాళ్ల కార్డుతోనే కొనిపించండి. మీ కార్డు పెడితే మూడో ఏడాది రెన్యువల్ రోజున ఆ పచ్చళ్ల షాపు మీ బాధ్యతే. ఏడాది మెయింటెనెన్స్ వేరే కాగితం: బ్యాకప్, అప్‌డేట్లు, నెలకు 2 గంటలు, ఏడాదికి 21,600. కొత్త ఐటమ్స్ ఎక్కించడం అందులో లేదని కూడా రాయండి, లేకపోతే మామిడికాయల సీజన్‌లో అర్ధరాత్రి వాట్సాప్‌లో కొత్త ధరల ఫొటో వస్తుంది.