పిండదానం అంటే ఎవరు పోయారన్నారు

రాత్రి భోజనాల దగ్గర మావారు ఆ మాట అన్నారు. "అక్క ఫోను చేసిందమ్మా. అక్కడ వాళ్లకు తెలిసినవాళ్లు ఎవరో పిండదానం చేస్తామంటున్నారట." అన్నం కలుపుతున్న అత్తయ్య చేయి ఆగిపోయింది. "ఎవరు పోయారు?" అన్నారు.

గయలో పెద్దలకు పెట్టేదీ పిండమే, ఆసుపత్రిలో అండం, వీర్యం కలిపి తయారు చేసి గడ్డకట్టించి దాచేదీ పిండమే. నేను బడిలో తెలుగు చెబుతాను, నానార్థాలు పిల్లలచేత వల్లె వేయిస్తాను. అయినా ఆ రాత్రి నాకు ఇంకో మాట తట్టలేదు. మర్నాటి నుంచి ఇంట్లో అందరం ఎంబ్రియో అనడం మొదలుపెట్టాం. అత్తయ్య నోట అది 'అంబరియం' అయింది. అలాగే ఉండనిచ్చాం.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మావారిది పట్టుచీరల దుకాణం. 2009లో పెళ్లయింది. ముప్పై ఆరో ఏట నాకు నెలసరి ఆగిపోయింది. అండాశయాలు వేళ కాకముందే పనిచేయడం మానేశాయన్నారు. మావారి వీర్యంలో కణాలు లేవన్నారు, చిన్న ఆపరేషన్ చేసి వెతికినా దొరకలేదు. లోపం ఎవరిదని ఆరా తీసే బంధువులకు ఇద్దరం ఒకేసారి దొరకడం ఒక విధంగా మేలే అయింది. ఒకరి వైపే వేలు చూపించే అవకాశం వాళ్లకు లేకుండా పోయింది.

విశాఖపట్నానికి ఎన్నిసార్లు రైలెక్కామో లెక్క లేదు. ఇచ్ఛాపురం వచ్చేసరికి స్టేషన్ బోర్డు మీద తెలుగు కనిపించేది, పలాసలో మావారు టీ తాగేవారు, ఈసారి అవుతుందేమో అనిపించేది. 2021లో దాత అండంతో, దాత వీర్యంతో ఒకసారి ప్రయత్నించాం. నిలవలేదు. డబ్బూ అయిపోయింది.

ఆ తర్వాత మరో ఊరి ఆసుపత్రి తరఫున అంటూ ఒక మధ్యవర్తి మా దుకాణానికే వచ్చాడు. వేరే దంపతులకు మిగిలిపోయిన పిండాలు ఉన్నాయట, లక్షన్నరలో పని అయిపోతుందట, కాగితాల మీద మీవేనని రాస్తారట. ఇరవై వేలు బయానా ఇచ్చాం. తెలిసిన వకీలుకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన తల పట్టుకున్నారు. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం, దాని నియమాల ప్రకారం ఒక జంటకు మిగిలిన పిండాలను ఆ జంట కోసమే ఉంచాలి, ఇంకొకరికి వాడకూడదు. పదేళ్లకు మించి దాచకూడదు కూడా. ఆ తర్వాత వాటిని వదిలేయాలి, లేదా ఆ దంపతులు ఒప్పుకుంటే పరిశోధనకు ఇవ్వాలి. దాత అండం, దాత వీర్యం కలిపి కొత్తగా పిండాన్ని తయారు చేయడానికి ఒప్పుకునే చట్టం, ఉన్నదాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకోదో నాకు ఇప్పటికీ బోధపడదు. ఇరవై వేలు మాత్రం తిరిగి రాలేదు.

వదిన ఫోను అప్పుడు వచ్చింది. మావారి అక్క న్యూజెర్సీలో ఉంటారు. వాళ్లకు తెలిసిన ఒక మరాఠీ జంటకు ఇదే చికిత్సతో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇంకా మూడు పిండాలు ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు 196 డిగ్రీల దిగువన, ఉండిపోయాయి. వాటిని దాచినందుకు ఏటా బిల్లు వస్తుంది. మూడో బిడ్డ వద్దు, పారేయమని చెప్పడానికి నోరు రాదు, అందుకని ఏటా కట్టేస్తున్నారు. వాటిని ఇక్కడికి తెప్పించుకునే దారి లేదు. పరిశోధనకు తప్ప పిండాల దిగుమతిని 2015లోనే కేంద్రం నిషేధించింది. అవి రాలేవు కాబట్టి మేమే వెళ్లాలి.

అంతకంటే ముందు వాళ్లకు మేం నచ్చాలి. అసలు కష్టం ఇక్కడే మొదలైంది. మీ గురించి ఒక ఉత్తరం రాయండి, ఒక ఫోటో పంపండి అన్నారు. నలభై ఏళ్ల వయసులో రెండోసారి పెళ్లిచూపులు. మొదటిసారి కాఫీ పళ్లెం పట్టుకుని తల వంచుకుంటే సరిపోయింది, ఈసారి మేం ఎలాంటివాళ్లమో మా నోటితో మేమే చెప్పుకోవాలి. నాలుగు ఆదివారాలు పట్టింది. మావారు దుకాణం టర్నోవరు రాయమన్నారు. నేను కొట్టేశాను. ఇల్లు సొంతమని రాశాం. అడుక్కున్నట్టు ఉందని అదీ తీసేశాం. చివరికి మిగిలింది ఒక పేజీ. ఆయన చీర మడత విప్పితే కొనేవాళ్లు కూడా మళ్లీ మడవనివ్వరని, అలా విప్పడం ఆయనకు ఇష్టమని, నేను బడిలో గట్టిగా అరుస్తానని, ఇంట్లో అరవనని, మా వీధిలో పిల్లలు ఎక్కువని. ఇంగ్లీషులోకి మార్చింది వదిన కూతురు.

వీడియో కాల్‌లో ఆ మరాఠీ ఆవిడ ఒక్కటే గట్టిగా అడిగారు. "బిడ్డకు చెబుతారా?" అప్పటిదాకా మేం ఎవరికీ తెలియకుండా కానిచ్చేద్దామనే అనుకుంటున్నాం. నేను మావారి వైపు చూశాను. ఆయన చెబుతామన్నారు. ఏడాదికి ఒక ఫోటో పంపితే చాలన్నారు ఆమె. పిల్లలు పెద్దయ్యాక వాళ్లకు వాళ్లు కలుసుకోవాలనుకుంటే రెండు ఇళ్లవాళ్లూ అడ్డు చెప్పకూడదన్నారు ఆమె భర్త.

బిడ్డకే చెప్పేటప్పుడు ఇంట్లో పెద్దావిడకు దాచడం కుదరదు. ఎవరి రక్తమో ఏమిటో అంటారని భయపడుతూనే అంతా చెప్పాను. ఆవిడ పప్పులో రాళ్లు ఏరుతూ విన్నారు. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. నేతవారి పెద్ద దేశిబెహరా, ఆయన భార్య బూఢీ ఠాకురాణి అమ్మవారిని తమ కూతురిగా పుట్టింటికి పిలుచుకువస్తారు. ఊరంతా ఆ పుట్టింటి వీధిలోనే ఉంటుంది. అత్తయ్య చేట పక్కన పెట్టి, "దేశిబెహరా భార్య అమ్మవారిని కన్నదా ఏమిటి? ఎంత గారాబం చేస్తుందో చూడవూ?" అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒడిశా వాళ్లం హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ కిందికి వస్తాం. అప్పట్లో సందర్శకుల వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. వైద్యం కోసమని ఉన్నది ఉన్నట్టు రాశాం. ఇక్కడి డాక్టరు రాసిన రోగ నిర్ధారణ, అక్కడి డాక్టరు ఇచ్చిన చికిత్స కాలం, ఖర్చుల ఉత్తరం, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో చూపే బ్యాంకు కాగితాలు ఉండాలి. బిడ్డకు అక్కడి పౌరసత్వం కోసం అమెరికాలో కనడమే ముఖ్య ఉద్దేశమైతే ఈ వీసా ఇవ్వకూడదని 2020లో వాళ్లు నియమం పెట్టుకున్నారు, కాబట్టి ఆ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. వచ్చింది. కాన్పు బరంపురంలోనేనని తెలుగులో చెప్పాను. ఇద్దరికీ వీసా ఇచ్చారు.

2023 సెప్టెంబరు 10న దిగాం. విమానాశ్రయంలో ఆరు నెలలు ఉండవచ్చని రాశారు. మావారు నెల ఉండి, సంతకాలన్నీ పెట్టి, పెళ్లిళ్ల సీజన్‌కు వెనక్కి వచ్చేశారు. సంతకాలంటే మామూలుగా కాదు. ఇచ్చేవాళ్లకు ఒక వకీలు, తీసుకునేవాళ్లకు వేరే వకీలు, మధ్యలో కౌన్సెలర్. ఆ పిండాలు మొదట వాళ్ల సొంతానికే తయారు చేసుకున్నవి. ఇతరులకు ఇవ్వడానికి ముందుగా చేయాల్సిన పరీక్షలు అప్పట్లో చేయలేదు. వాళ్ల రక్తం ఇప్పుడు మళ్లీ పరీక్షించినా, ఆ విషయం తెలిసే తీసుకుంటున్నామని ఒక కాగితం మీద విడిగా రాసివ్వాలి. పిండానికి ధర అనేది లేదు. పరీక్షలు, వకీళ్లు, పిండాలను నిల్వ ఉంచిన ఖర్చు, ఆసుపత్రి ఖర్చు మావి. టిక్కెట్లతో కలిపి మాకు పదిహేడు లక్షలు దాటింది. ఊరి చివర ఉన్న స్థలం అందుకే అమ్మాం.

నా శరీరానికి నెల తిరగడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి మందులతోనే నెలను తయారు చేశారు. ముందు రెండు వారాలకు పైగా ఈస్ట్రోజెన్ మాత్రలు. గర్భాశయం లోపలి పొర ఏడెనిమిది మిల్లీమీటర్లు మందం అయ్యాక ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్లు. అవి మొదలైన ఆరో రోజున ఐదు రోజుల వయసున్న పిండాన్ని లోపల పెడతారు. ఆ మందు కలిపేది నువ్వుల నూనెలో. సీసా మీద చదివి నవ్వుకున్నాను. ఒంటికి నువ్వుల నూనె పట్టించి నలుగు పెట్టే అత్తయ్య ఇది చూస్తే ఏమనేవారో. చిక్కటి నూనె, పొడవాటి సూది, పిరుదు కండలోకి నెమ్మదిగా ఎక్కాలి. రోజూ ఇచ్చింది వదినే. మొదటి రోజు ఆమె చేయి నా కంటే ఎక్కువ వణికింది. వారానికల్లా రెండు వైపులా గోలీకాయల్లాంటి గడ్డలు. వేడి గుడ్డతో కాపడం పెట్టుకుని బోర్లా పడుకుని పాత తెలుగు వాచకాలు దిద్దేదాన్ని.

అక్టోబరు చివర్లో మొదటిది పెట్టారు. తొమ్మిదో రోజు రక్తపరీక్షలో ఏమీ లేదని తేలింది. వదిన ఆ రోజు వంట చేయలేదు.

జనవరిలో మళ్లీ. ఆ ఉదయం ఆసుపత్రికి వెళ్తున్నాం, రోడ్డు పక్కన మంచు కుప్పలు. మూత్రాశయం నిండుగా ఉంటే స్కాన్‌లో బాగా కనిపిస్తుందని లీటరు నీళ్లు తాగించారు, నా ధ్యాసంతా దాని మీదే ఉంది. ఫోను మోగింది. కరిగించిన పిండం తేరుకోలేదట, చివరిదాన్ని బయటికి తీయమంటారా, లేక ఇంకో నెల ఆగుతారా అని అడిగారు. వదిన కారు పక్కకు ఆపారు. మావారికి ఫోను చేస్తే బరంపురంలో సాయంత్రం, దుకాణం నిండా జనం. ఎవరో బేరమాడుతున్నారు. చెప్పాను. రెండు క్షణాలు ఏమీ అనలేదు. "తీయమను" అన్నారు. వెంటనే ఒడియాలో ఎవరికో ధర చెప్పడం వినిపించింది.

లోపల పెట్టేటప్పుడు తెర మీద తళుక్కుమని ఒక తెల్లటి చుక్క. అదేనా అని అడిగాను. కాదు, దానితో పాటు వెళ్లిన గాలి బుడగ అన్నారు డాక్టరు. నిరాశ కలిగినా ఆ గాలి బుడగ ఫోటోనే ఇంటికి తెచ్చుకున్నాను.

తొమ్మిదో రోజు నిలిచిందన్నారు. నేను అక్కడ ఉండే గడువు మార్చి 9. పదో వారం వచ్చాక విమానం ఎక్కవచ్చన్నారు, మార్చి 6న బయలుదేరాను. ఇచ్ఛాపురం బోర్డు ఈసారి అటువైపు నుంచి వచ్చింది, విశాఖలో దిగి రైల్లో వచ్చాను మరి. అక్టోబరు మొదటి వారంలో బరంపురంలో ఆపరేషన్‌తో పాప పుట్టింది.

పాప మొదటి పుట్టినరోజుకు ఫోటో పంపాలి. మావారు పట్టు పరికిణీతో తీసింది పంపుదామన్నారు, దుకాణం ప్రకటనలా ఉందని నేను వద్దన్నాను. చివరికి ముఖమంతా పెరుగన్నం పూసుకుని నవ్వుతున్నది పంపాం. ఆ మరాఠీ ఆవిడ నుంచి అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. గడ్డం మీద ఆ సొట్ట తన చిన్నకొడుకుకూ ఉందట, వాడి ఫోటో కూడా పెట్టారు. నిజమే, అచ్చుగుద్దినట్టు ఉంది. అత్తయ్యకు చూపించాను. అద్దాలు పెట్టుకుని రెండు ఫోటోలూ చూశారు. "అబ్బాయి బాగున్నాడు. కానీ ఆ సొట్ట మీ మామయ్యదే" అన్నారు.