అనుకున్న సమయం, పట్టిన సమయం

గత ఏడాది మా పాప పోటీ పరీక్షకు దరఖాస్తు పంపాల్సిన ఆఖరి తేదీ నా చేతుల్లోనే దాటిపోయింది. ఫారం నింపడం అయింది, ఫోటో తీయించడం అయింది. అప్‌లోడ్ చేయడమే మిగిలింది. "పది నిమిషాల పనే కదా, రాత్రికి చూద్దాం" అంటూ మూడు రోజులు వాయిదా వేశాను. ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకు కూర్చుంటే, ఫోటో సైజు ఎక్కువైందని వెబ్‌సైట్ తీసుకోలేదు. దాన్ని తగ్గించేసరికి పన్నెండు దాటింది. పాప "పర్లేదులే అమ్మా" అని వెళ్ళి పడుకుంది. నాకు మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

మర్నాడే ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని, రోజుకు ఇరవై పనులు రాసుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రానికి ఎనిమిదో తొమ్మిదో అయ్యేవి. మిగిలినవి మర్నాటికి తోసేదాన్ని. రెండు వారాలకల్లా ఆ జాబితా తెరవాలంటేనే టెన్షన్. వదిలేశాను.

చివరికి పనికొచ్చింది ఒక పాత నోటుపుస్తకం. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆ పనికి ఎంతసేపు పడుతుందనుకున్నానో, కుడివైపు నిజంగా ఎంత పట్టిందో రాశాను. పది రోజులు ఏ అలవాటూ మార్చుకోకుండా ఉన్నది ఉన్నట్టు రాయాలని పట్టుబట్టాను.

ఉదయం తయారై ఇంట్లోంచి బయటపడటానికి అరగంట చాలనుకునేదాన్ని. పట్టింది 50 నిమిషాలు. ఆఫీసు మెయిల్స్‌కి జవాబులు: అనుకున్నది 15, అయింది 40. బట్టలు మడతపెట్టడం ఒక్కటే తిరగబడింది. అరగంట పని అని భయపడి రోజుల తరబడి కుర్చీలో గుట్టగా వదిలేసేదాన్ని, తీరా చూస్తే తొమ్మిది నిమిషాలు! అన్నిటికన్నా ఎక్కువ సమయం పనికీ పనికీ మధ్య జారిపోతోందని కూడా అప్పుడే కనిపించింది. తాళాలు ఎక్కడ, కళ్ళజోడు ఎక్కడ, ఛార్జర్ ఎవరు తీశారు... ఇవి నేనెప్పుడూ లెక్కలోకే తీసుకోలేదు.

ఇలా తక్కువ అంచనా వేసుకోవడానికి మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారని తర్వాత చదివాను. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. అది చదువుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ బద్ధకమనీ, శ్రద్ధ లేదనీ నన్ను నేనే తిట్టుకున్నాను. అన్నీ సవ్యంగా జరిగితే ఎంతసేపు పడుతుందో అంతే లెక్కేసుకోవడం నా ఒక్కదాని బలహీనత కాదన్నమాట.

ఆ తర్వాత మార్పులు పెద్ద కష్టం కాలేదు. ఏ పనికైనా మనసుకు తోచిన సమయానికి అందులో సగం కలిపి రాసుకుంటున్నాను. తాళాలకు తలుపు పక్కనే కొక్కెం బిగించాం. గడువున్న పనులకు క్యాలెండర్‌లో అసలు తేదీ బదులు వారం ముందు తేదీ వేస్తున్నాను. రోజుకు మూడు ముఖ్యమైన పనులే రాసుకుంటాను, నాలుగోది గుర్తొస్తే వేరే పేజీలోకి వెళ్తుంది.

పొమొడోరో పద్ధతి కూడా ప్రయత్నించాను. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో టొమాటో ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఇంటి పనుల్లో నాకు కుదరలేదు, మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. కానీ నెలాఖరు లెక్కలు, కాగితాలు సర్దడం లాంటి, మొదలుపెట్టడానికే మనసొప్పని పనులకు అది బాగా పనిచేసింది. 25 నిమిషాలే కదా అనుకుంటే కూర్చోగలుగుతున్నాను.

ఈ ఏడాది అదే పరీక్షకు మళ్ళీ దరఖాస్తులు పిలిచారు. గడువుకు ఆరు రోజుల ముందు, ఆదివారం ఉదయం పాపా నేనూ కలిసి కూర్చున్నాం. ఎడమవైపు 60 నిమిషాలని రాశాను. వెబ్‌సైట్ ఫోటోను మళ్ళీ ఒకసారి తిరస్కరించింది, సంతకం రెండుసార్లు స్కాన్ చేయాల్సి వచ్చింది. అంతా అయ్యాక కుడివైపు 70 అని పాపే రాసింది.