తువ్వాలు కింద బేరం

మన హైస్కూలు బ్యాచి కలయికకి వేసే సంచికకి రెండు పేజీలు రాయమని, పదవుల జాబితా మాత్రం వద్దని, కమిటీ తరఫున మన సెకండ్ బెంచీ సెక్రటరీ మూడుసార్లు ఫోన్ చేశాడు. సరే. పంపు దగ్గర గొడవ, లెక్కల మాస్టారి గొడుగు, జామచెట్టు కేసు మీలో ఎవరో ఒకరు రాసే ఉంటారు. నిజం చెప్పొద్దూ, ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు పెద్దగా గుర్తే లేదు. హైస్కూలంటే 1979 వార్షికోత్సవం, అందులో మన పదిహేను నిమిషాల ప్రహసనం. అంతే.

తెలుగు మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకున్నారంటే ఆ పూట వ్యాకరణం లేనట్టే కదా. అలా ఒకరోజు వీరేశలింగం గారి దగ్గర మొదలుపెట్టారు. 1880లో రాజమండ్రిలో ప్లీడర్లను ఎగతాళి చేస్తూ వ్యవహార ధర్మబోధిని రాసి, తన శిష్యులతోనే ఆడించారట. "మాస్టారు రాయడం, పిల్లలు ఆడటం మన వైపు పాత అలవాటేరా" అన్నారు. అక్కణ్ణుంచి విజయనగరం వెళ్లారు. 1892లో కన్యాశుల్కం ఆడేనాటికి కొన్ని ఇళ్లలో మగవాడే డబ్బిచ్చి పిల్లను తెచ్చుకునేవాడు. "ఇప్పుడు సరుకు మారింది, సంత అదే" అన్నారు. ఆ మాట నుంచే మన నాటకం పుట్టింది.

పెళ్లికొడుకుని పశువుల సంతకి తోలుకొచ్చారు. ఆ పశువుని నేనే. పళ్లు చూశారు, నడిపించారు, వీపు మీద చరిచారు. నవ్వొచ్చి చచ్చేవాణ్ణి. రిహార్సల్లో మాస్టారు బెత్తం ఎత్తి "నువ్వే నవ్వేస్తే జనానికేం మిగులుతుందిరా?" అనేవారు. ఆడపిల్లల్ని ఇళ్లల్లో స్టేజీ ఎక్కనివ్వలేదు కాబట్టి పెళ్లికూతురి తల్లి మన పొట్టిగాడే. తెర వెనక ప్రాంప్టింగ్ ఎవరు చేశారో అందరికీ తెలుసు, అయినా ప్రోగ్రాం కాగితంలో ఆ పేరు లేదు. ఈసారైనా వేయండి.

బేరం ఘట్టం రాగానే పంతులు వేషగాడు "1961 నుంచీ కట్నం నేరమండీ!" అన్నాడు. "అందుకేగా ఇది" అని మధ్యవర్తి భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరు తండ్రుల చేతుల మీదా కప్పాడు. ఇక మాటల్లేవు. సంతలో ఎడ్లకి చేసినట్టే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం. ఒక వేలు నొక్కితే పిల్ల తండ్రి మొహం పాలిపోవాలి, రెండు నొక్కితే తూలాలి. చుట్టుపక్కల ఊళ్ల రైతులే కదా జనం, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆ నవ్వుకి స్టేజీ చెక్కలు అదిరాయి.

ముందు వరస సోఫాలో కూర్చున్న పెద్దాయన నవ్వలేదు. అంతకు నెల ముందే కొడుక్కి పెళ్లి చేశారు మరి. మంచినీళ్లు తాగొస్తానని లేచారు. దండ సోఫాలోనే ఉండిపోయింది. మర్నాడు మాస్టారు హెడ్మాస్టరు గదిలో గంటసేపు ఉన్నారు. బయటికొచ్చి మనతో "బాగానే తగిలింది" అన్నారు, పళ్లు బిగించి. మరుసటేడు వార్షికోత్సవానికి బుర్రకథ పెట్టారని విన్నాను.

ఆ తర్వాత సంగతి కమిటీ ఆజ్ఞ మీరకుండా చెబుతాను. బ్యాంకులో ముప్పై ఆరేళ్లు. చీఫ్ మేనేజరుగా దిగాను. (ఒక్క పదవే కదా, ఉండనివ్వండి.) ఏ బ్రాంచిలో ఎవరు రిటైరైనా స్కిట్ నాదే. లోను కోసం వచ్చేవాళ్ల మీద, లోను ఇవ్వని మా మీద. మాస్టారి బెత్తం ఊహించుకుని, నేను నవ్వకుండా నవ్వించడం అక్కడ బాగా పనికొచ్చింది. మా అబ్బాయి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు, పైసా కట్నం లేకుండా పెళ్లి చేశాం.

ఇక్కడి దాకా రాసి మా ఆవిడకి వినిపించాను. "మరి కారు?" అంది.

"అది వాళ్లే ముచ్చటపడి ఇచ్చారు కదా!"

ఆవిడ వాదించలేదు. ఈ నాటకం కథ ఆవిడకి వందసార్లు చెప్పి ఉంటాను. కుర్చీ మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి నా ముందుకు చాపింది.

జనవరి కలయికలో అదే ప్రహసనం మళ్లీ ఆడదామంటున్నారట. పెళ్లికొడుకు వేషానికి నా పొట్ట ఒప్పుకోదు. పెళ్లికొడుకు తండ్రి వేషం నాకు ఉంచండి. రిహార్సల్ అక్కర్లేదు.