గాడిద చెవుల పాంథియాన్: నా అనుభవం

రోమ్‌లో కొన్న మైక్రోమొజాయిక్ పలక నిన్న సాయంత్రమే ఇంటికి చేరింది. ఒళ్ళు మంట చల్లారకముందే రాసేస్తున్నా.

రోమ్ మైక్రోమొజాయిక్ అంటే తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. రంగు గాజును మంటలో కరిగించి సన్నటి తీగలా సాగదీస్తారు. ఆ తీగను నువ్వుగింజకన్నా చిన్న ముక్కలుగా విరిచి, మెత్తటి ముద్దలో ఒక్కొక్కటీ గుచ్చి బొమ్మ కడతారు. మంచి పనిలో చదరపు అంగుళానికి వెయ్యికి పైగా ముక్కలుంటాయి. 1775లో జాకొమో రఫాయెల్లి రోమ్‌లో వీటిని ప్రదర్శనకు పెట్టాక గిరాకీ పెరిగింది. యూరప్ తిరగడానికొచ్చిన దొరలు కొలోసియం, ఫోరం, సెయింట్ పీటర్స్ చౌకు ఇలా అరచేతిలో పట్టేలా కొనుక్కుపోయేవాళ్ళు. మనం తిరుపతి వెళ్ళి స్వామి పటం తెచ్చుకోమూ, అలాగే.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గిల్బర్ట్ సేకరణ చూసిన రోజు పట్టిన పిచ్చి ఇది. మొన్న సెలవుల్లో రోమ్‌లో ఒక పాత వస్తువుల షాపులో పోస్టుకార్డంత పలక కొన్నా. 2,300 యూరోలు. బేరమాడితే 150 తగ్గించాడు. అంతవరకు హాయిగానే సాగింది.

ఇటలీలో 70 ఏళ్ళు దాటిన, చేసినవాడు బతికిలేని కళావస్తువు దేశం దాటాలంటే ఎగుమతి కార్యాలయానికి చెప్పాలి. విలువ 13,500 యూరోలు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు, మనమే రాసిచ్చే ప్రకటన చాలు. ఫొటోలు, వివరాలు, రసీదు పెట్టి ఆన్‌లైన్‌లో పంపాలి. నాకు ఇటాలియన్ రాదు కాబట్టి ఒక ఏజెంటుని పట్టుకున్నా. 120 యూరోలు.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. రసీదులో షాపాయన 'పాంథియాన్ దృశ్యం' అని రాశాడు. పాంథియాన్ అంటే రోమ్‌లో పెద్ద గుమ్మటమున్న ప్రాచీన గుడి, ఇప్పుడు చర్చి. పలక చూస్తే ముందు స్తంభాలు, వెనక గుమ్మటం, బాగానే ఉంది. కానీ ముఖద్వారం వెనక అటొకటి ఇటొకటి రెండు గంటగోపురాలు! ముందురోజే పాంథియాన్ దగ్గర గంటసేపు నిలబడి ఫొటోలు తీసుకున్నా, గోపురాలు ఎక్కడున్నాయి? షాపాయనకి తెలియదు, నాకు తెలుసు అనుకున్నా. ప్రకటనలో 'రెండు గోపురాల చర్చి' అని రాయమన్నా. ఏజెంటు నోరెత్తకుండా అలాగే రాసి పంపాడు. రోమ్‌లో పుట్టి పెరిగిన మనిషి!

ఆరో రోజు ఎగుమతి కార్యాలయం నుంచి ప్రశ్న వచ్చింది: రసీదులో ఒకటి, ప్రకటనలో ఒకటి, ఇంతకీ ఇది ఏ కట్టడం? మేం అప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉన్నాం. టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు. మర్నాడు రైలెక్కి నేరుగా షాపుకెళ్ళి, నలుగురు కొనేవాళ్ళ ముందు, "మీరు నాకు తప్పుడు వస్తువు అంటగట్టారు" అని గొంతు పెంచా. నా ఫోన్‌లో ఫొటో చూపించి "ఇదిగో పాంథియాన్, గోపురాలేవీ?" అన్నా.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సొరుగులోంచి వెలిసిపోయిన పాత ఫొటో ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పాంథియానే. రెండు గోపురాలతో. 17వ శతాబ్దంలో పోప్ ఎనిమిదో అర్బన్ కట్టించాడట. రోమ్ జనానికి అవి నచ్చక, ఆ కాలపు పేరున్న శిల్పి బెర్నినీ మెడకు చుట్టి 'బెర్నినీ గాడిద చెవులు' అని వెక్కిరించేవాళ్ళు. 1883లో పీకేశారు. "మీరు ఒక్కరోజు చూశారు, దీన్ని చేసినవాడు రోజూ చూశాడు" అన్నాడు. పక్కనున్న ఇద్దరు ముసలి ఆడవాళ్ళు చెవుల దగ్గర చేతులు పెట్టి ఊపుతూ నవ్వారు. ఆ నవ్వు గోపురాల మీదో నా మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆవిడ చెయ్యి పట్టి లాగి, "పదండి, ఇంక చాలు" అంది. పెళ్ళయిన 14 ఏళ్ళలో ఇంత మెల్లగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

అయినా ఆ గోపురాల వల్లే పలక 1883కి ముందుదని చెప్పే వీలుంది. పాత బొమ్మల పుస్తకం చూసి తర్వాత కూడా చేసి ఉండొచ్చు, అది వేరే సంగతి. ఇప్పుడు నాకు ఈ లెక్కలు బాగా అబ్బాయి. కొలోసియం పలక చూపిస్తే, పడమటి వైపు 1820ల్లో వాస్తుశిల్పి వలదియే కట్టిన ఇటుకల దన్ను ఉందో లేదో ముందు చూస్తా. మొన్న ఒక మిత్రుడికి అరగంట క్లాసు పీకా.

కొనేవాళ్ళు లెన్సు తీసుకెళ్ళండి. ముక్కలు ఊడినచోట రంగు మైనం నింపి మాయ చేస్తారు, ఏటవాలుగా వెలుగు పడేలా పట్టుకుని చూడండి. ఏజెంటుని మాత్రం పెట్టుకోకండి.

సవరించిన ప్రకటన పంపాక కాగితం వచ్చింది. షాపాయనే ప్యాక్ చేసి కొరియర్‌లో వేశాడు. లండన్‌లో కొరియర్ వాళ్ళు దాన్ని గోడ టైల్స్ కింద రాసి 20 శాతం పన్ను కట్టమన్నారు. వందేళ్ళు దాటిన వస్తువుకి 5 శాతమే అని రసీదు పంపి మూడు ఫోన్లు చేస్తే దారికొచ్చారు.

ఏజెంటు మాత్రం రెండోసారి పంపినందుకని ఇంకో 60 యూరోలు గుంజాడు. దానికి రసీదు అడిగితే ఇప్పటికీ జవాబు లేదు.