పాత ద్వారబంధంతో పనిబల్ల: ఆరో వారానికి ఇక్కడిదాకా వచ్చింది

చంద్రగిరి దగ్గర మా చిన్నాయన వాళ్ళ పాత మిద్దె పడగొడుతున్నారని తెలిసి, సెప్టెంబరు మొదటి ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. అప్పటికే సగం కొయ్య ట్రాక్టరు ఎక్కేసింది. "నీకేం కావాలో పక్కన పెట్టుకో అబ్బోడా, మిగతాది పాత కొయ్య కొట్టుకు తోలేస్తా" అన్నాడు చిన్నాయన. వేప ద్వారబంధం ఒకటి, ఎనిమిదడుగుల టేకు వాసాలు పన్నెండు తీసుకుని తిరుపతికి తెచ్చాను. టెంపో బాడుగ 900 రూపాయలు.

ద్వారబంధంతో పాటు గడప కూడా వచ్చింది. దాన్ని బల్లకు కింది కమ్మిగా, అంటే కాళ్ళను కలిపే అడ్డకొయ్యగా, వాడదామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఏండ్ల తరబడి పసుపు కుంకుమ పెట్టిన గడప నాయనా, దానిమీద సుత్తి దెబ్బ పడకూడదు" అంది. నాకూ చేతులు రాలేదు. తుడిచి, పాత పంచెలో చుట్టి పైన పెట్టాం.

తరువాతి రెండు ఆదివారాలూ మేకులకే పోయాయి. తుప్పు పట్టిన మేకును నేరుగా లాగితే తల ఊడిపోయి, కాడ లోపలే ఉండిపోతుంది. ముందు దాన్ని ఒక దెబ్బ లోపలికి కొట్టాలి. 'టిక్' అని చిన్న చప్పుడొస్తుంది, అంటే తుప్పు పట్టు వదిలిందన్నమాట. అప్పుడు సుత్తి కింద చెక్కముక్క పెట్టి లాగితే వంకర పోకుండా వచ్చేస్తుంది. తలలు ఊడినవాటి కోసం, పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి వాసం మీదుగా మెల్లగా నడిపాను. మేకున్న చోట దారం పక్కకు లాగుతుంది. అలా పదకొండు దొరికాయి. పన్నెండోది మాత్రం కొయ్యను చదును చేసే ప్లేనరు బ్లేడుకే దొరికింది. బ్లేడు అంచు విరిగింది, కొత్త జత 350. అప్పటినుంచి ప్రతి వాసాన్నీ రెండువైపులా రెండుసార్లు చూస్తున్నాను. ద్వారబంధానికి ఉన్న పాత ఆకుపచ్చ పెయింటును తడిపి గోకాను, మాస్కు కట్టుకునే. పాత ఆయిలు పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పీల్చకూడదు.

పైపొర పోయాక టేకు రంగు చూడాలి! తేనె రంగు, ఇంకా నూనె వాసన. ఇన్నేళ్ళు ఎండిన కొయ్య అంత సులువుగా వంకర పోదు. కొత్త కొయ్యకు ఎంత డబ్బు పెట్టినా ఆ భరోసా దొరకదు.

కొలతలు: బల్ల ఆరడుగులు, రెండడుగులు. ఎత్తు 34 అంగుళాలు, నిలబడి చెయ్యి వదిలేస్తే నా మణికట్టు దగ్గరికొస్తుంది. ద్వారబంధం నిలువు కొయ్యలు నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. ఒక్కోటి ఏడడుగులు, అడుగున పుచ్చిన అరడుగు కోసేసినా చెరి రెండు కాళ్ళు వచ్చాయి. పైన ఎనిమిది వాసాలు పక్కపక్కనే. వాటిలో కోసిన రెండడుగుల ముక్కల్లో నాలుగు పొట్టి కమ్ములు, మిగిలిన నాలుగు వాసాలు పొడవు కమ్ములు.

బల్ల ఊగేది కొయ్య సన్నగా ఉండటం వల్ల కాదు, అతుకు వదులై. అందుకే ప్రతి కమ్మికీ కాలులో అంగుళం లోతు గాడి తీసి, ఆ మెట్టు మీద కూర్చోబెట్టాను. బరువు మెట్టు మోస్తుంది, 10 ఎంఎం బోల్టు పట్టి ఉంచుతుంది అంతే. పదహారు గాళ్ళు. రంపంతో దగ్గరదగ్గరగా కోతలు పెట్టి ఉలితో ఎగరగొట్టడం. వేప గట్టిగా ఉంది, ఉలిని రోజుకు నాలుగుసార్లు సానపట్టాల్సి వచ్చింది. బిగించేముందు మూలనుంచి మూలకు టేపు పెట్టి, రెండు కొలతలూ ఒకటయ్యేదాకా తట్టాను.

అంతా బిగించి షెడ్డులో పెడితే ఒక కాలు గాల్లో ఉంది! గాళ్ళు తప్పు కోశానేమోనని ఒకటే టెన్షన్. పక్కవీధి ఆచారి వచ్చి చూసి, "గాళ్ళు బాగున్నాయి సామీ, నీ నేలకే వాటం ఉంది" అన్నాడు. నిజమే, కారు కడిగిన నీళ్ళు గేటు వైపు పోవడానికి వాటం పెట్టించాం. ఆయన చెప్పినట్టే చేశాను. ముందు నాలుగు కాళ్ళ కింద కడప బండ ముక్కలు పెట్టి, సందుల్లో చీలికలు దూర్చి బల్లపైన మట్టం సరిచేశాను. తరువాత పెద్ద సందు ఎంతుందో అంత మందం చెక్కముక్క మీద పెన్సిలు ఆనించి, దాన్ని బండమీద జరుపుతూ నాలుగు కాళ్ళ చుట్టూ గీత గీశాను. గీతల వెంబడి కోస్తే నాలుగూ ఒకేసారి కూర్చున్నాయి. ఎత్తు ముప్పావంగుళం తగ్గింది, ఫరవాలేదు.

కోసిన కాళ్ళ అడుగులకు తారు పూశాను. 2021 నవంబరు వానలకు ఊరు ఎలా మునిగిందో మరచిపోలేదు. కింది కమ్ములను కూడా నేలకు అడుగు ఎత్తులో పెట్టింది అందుకే.

కొయ్యను కదలకుండా బిగించి పట్టే వైసు పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికింది. 1,100 రూపాయలు, తిప్పితే కదల్లేదు. రెండు రాత్రులు డీజిల్లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో మరలు తోమితే వేలితో తిరుగుతోంది. దాన్ని సరిగ్గా ముందు కాలు మీదే బిగించాను, దెబ్బ నేరుగా నేలకు దిగాలని. కదలని దవడ బల్ల అంచు దాటి కొంచెం బయటికి ఉంది. పొడవు కొయ్యను నిలువుగా పట్టాలంటే అలా ఉండాలి.

నిన్న సాయంత్రం చెంబు నిండా నీళ్ళు బల్లమీద పెట్టి, వైసులో పట్టిన కొయ్యమీద సుత్తితో గట్టిగా కొట్టాను. నీళ్ళు వణికాయి, చుక్క కూడా కింద పడలేదు. అమ్మ అది చూసి, కాలు విరిగిన కత్తిపీట తెచ్చి చేతికిచ్చింది. ముందు అది. ఆ తరువాత పైన వేయాల్సిన సెంట్రింగ్ ప్లైవుడ్, కింద అర.